కాఫీ కట్టడి

కాఫీ మంచిదా చెడ్డదా అనే వ్యాజ్యం మన ఇళ్ళల్లో మూడు తరాలుగా నడుస్తోంది. తాతల కాలంలో అది పాడు అలవాటు. తండ్రుల కాలానికి మర్యాద అయింది; ఇంటికి వచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకపోతే పరువు తక్కువ. మన కాలానికి వచ్చేసరికి అది మందో విషమో తేల్చి చెప్పమని ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటున్నాం. ఫోను కూడా మనకేమీ లోటు చెయ్యదు. ఈ వారం గుండెకు మంచిదంటుంది, పై వారం నిద్రకు చేటంటుంది. అలాంటి వార్త ఒకటి రెండేళ్ళ కిందట ఉదయగిరిలో మా అమ్మ చెవిన పడింది. అది ఆమెను పెట్టిన బాధ ఇంతా అంతా కాదు.

మా నాయన ఉదయగిరి చుట్టుపట్ల పల్లెల్లో ప్రాథమిక పాఠశాల పంతులుగా చేసి రిటైరై, కొండ కనబడేటట్టు ఇల్లు కట్టుకుని అక్కడే వుండిపోయారు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఆ కొండ మీదిదే. నేను ఆత్మకూరులో వుంటున్నాను. హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఆదివారం వచ్చిందంటే బస్సెక్కి ఉదయగిరి పోవడం నాకు అలవాటు. ఆత్మకూరు వచ్చి నా దగ్గర వుండమంటే మా నాయన, "అక్కడ కొండేదమ్మాయ్?" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆరేళ్ళ కిందట ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వూరికే కదలడం మొదలుపెట్టాయి, కనబడని మాత్రనేదో నలుపుతున్నట్టు. చెయ్యి పనిలో వున్నంతసేపూ ఏమీ వుండదు, ఒళ్ళో పెట్టుకుంటే వణుకు. అంతకు ముందే దస్తూరీ మారింది. ఊళ్ళో సగంమందికి అక్షరాలు దిద్దించిన చెయ్యి. ముత్యాల్లాంటి అక్షరం మొదట ఆవగింజంతయింది, తర్వాత చీమ తలకాయంతయింది. పంక్తి మొదట్లో కాస్త పెద్దగా వుండి, చివరికి వచ్చేసరికి నలిగి పోయేది. కాగితం పొదుపు చేస్తున్నారని మేమంతా నవ్వుకున్నాం. నెల్లూరులో చూసిన డాక్టరుగారు ఆ దస్తూరీ చూసే సగం సంగతి చెప్పేశారు. పార్కిన్‌సన్ జబ్బు. 1817లో జేమ్స్ పార్కిన్‌సన్ అనే లండన్ వైద్యుడు దీన్ని గురించి చిన్న పుస్తకం రాశాడు గనుక ఆ పేరు వచ్చింది. మన ఆయుర్వేదంలో కంపవాతం అంటారు.

ఇక అమ్మ సంగతి. మా ఇంట్లో కాఫీ మీద కట్టడి వుండేది. పొద్దున ఒక గ్లాసు, అంతే. నాయనకు పుల్లత్రేన్పుల బాధ వుండేది. దానికి తోడు పంతులు జీతం, ముగ్గురు పిల్లలం. సాయంత్రం బడి నుంచి వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడి ఆయన రెండో గ్లాసు కోసం చూసిన చూపులు నాకు గుర్తున్నాయి. అమ్మ మజ్జిగ ఇచ్చేది. ఆయన మజ్జిగే తాగేవారు.

ఇలా వుండగా బెంగుళూరులో వున్న మా తమ్ముడు, మంచి చేద్దామనే లెండి, ఒక వీడియో పంపాడు. రోజుకు నాలుగైదు కాఫీలు తాగేవాళ్ళకు ఈ వణుకుడు జబ్బు రాదట అని దాని సారాంశం. ఆ పూట నుంచి అమ్మ నాయనకు రోజుకు అయిదు గ్లాసులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన మూడు రాత్రులు కన్ను మూయలేదు. నాలుగో రోజు రాత్రి అమ్మ ఫోను చేసి, "నలభై ఏండ్లు ఆయన నోరు కట్టేసింది నేనే గదమ్మా. ఇంగ ఇప్పుడు పోస్తే మాత్రం ఏం లాభం?" అని ఏడ్చింది.

పిల్లలకు పాఠం చెప్పడం వేరు, కన్నతల్లికి సమాధానం చెప్పడం వేరు. దొరికిన వ్యాసాలన్నీ చదివాను. అందులో నాకు అర్థమైనదీ, ఆదివారాలు వంటింట్లో పీట మీద కూర్చుని ఆమెకు చెప్పిందీ ఇది.

కథ మన తెలుగువాడితోనే మొదలవుతుంది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1922లో అమెరికా వెళ్ళారు. అక్కడ హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే ఆయనతో కలిసి 1929లో కండరం నుంచి ఒక పదార్థం వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్నే పట్టుకున్నాడు. ఇద్దరి పేర్లూ చెప్పుకోవడం న్యాయం. ఆ పదార్థాన్ని పొట్టిగా ఏటీపీ అంటారు. మనం తిన్న అన్నంలోని శక్తి కణాలకు ఖర్చుపెట్టుకోవడానికి వీలుగా మారేది ఈ రూపంలోనే. చెయ్యి ఎత్తినా, కన్ను ఆర్పినా, ఈ వాక్యం చదివినా ఖర్చయ్యేది ఏటీపీ.

దాని కట్టుబడి ఇలా వుంటుంది. అడినొసిన్ అనే ఒక ముద్ద, దానికి వరసగా తగిలించిన మూడు ఫాస్ఫేటు తునకలు. పని జరిగినప్పుడల్లా తునక ఊడుతుంది. మళ్ళీ తగిలించుకుంటూ వుంటుంది కణం. పని మరీ ఎక్కువైతే మూడూ ఊడిపోయి అడినొసిన్ ఒక్కటే మిగులుతుంది. "పొయ్యిలో బూడిద లాగన్నమాట" అంది అమ్మ. సరిగ్గా అంతే. ఎంత కట్టె కాలిందో బూడిదను చూసి చెప్పొచ్చు.

ఈ బూడిద చేసే పని వేరే వుంది. 1929లోనే, ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో, డ్రూరీ, సెంట్ గ్యోర్గీ అనే ఇద్దరు ఇలాంటి పదార్థాన్ని జంతువుల నెత్తుట్లోకి ఎక్కించి చూస్తే గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. అంటే అది ఉత్త బూడిద కాదు, కబురు. "కట్టెలు అయిపోతున్నాయి, మంట తగ్గించు" అని కణాలకు వచ్చే కబురు. మెదడులో అయితే మెలకువగా వున్నంతసేపూ ఇది పోగవుతుంది, పోగైన కొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. మన తూకంలో వందకు రెండు పాళ్ళు కూడా మించని మెదడు, శరీరం ఖర్చుపెట్టే శక్తిలో అయిదో వంతు తినేస్తుంది. అంత ఖర్చు గల ఇంటికి ఇలాంటి హెచ్చరిక లేకపోతే ఎట్లా?

కబురు వినడానికి నరకణాల మీద చెవులున్నాయి. శాస్త్రజ్ఞులు గ్రాహకాలంటారు, చెవులంటే మనకు సుళువు. ఇవి నాలుగు రకాలు. మన కథకు రెండు చాలు. మొదటి రకం, ఏ1, మంట తగ్గించే చెవి. మెదడుకు రక్తం ఆగినప్పుడో, మూర్ఛ వచ్చినప్పుడో నరకణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని, ఆ రెచ్చిపోవడంతోనే చచ్చిపోతాయి. అప్పుడు అడినొసిన్ బోలెడు పుట్టి, ఈ చెవి ద్వారా వాటిని శాంతపరుస్తుంది. నరకణానికి ప్రకృతి పెట్టిన కాపలా ఇది.

రెండో రకం, ఏ2ఏ, దీనికి ఎదురు. మెదడు లోపల కదలికలను సవరించే చోట ఇవి దట్టంగా వుంటాయి. అక్కడే డోపమైన్ అనే ఇంకో పదార్థం వచ్చి "కదులు" అని చెబుతుంటే, ఈ చెవిలో పడిన అడినొసిన్ "ఆగు" అంటుంది. తక్కెడలో రెండు సిబ్బెలు. పార్కిన్‌సన్ జబ్బులో డోపమైన్ తయారుచేసే నల్లని కణాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. వణుకు పైకి కనబడేసరికే చాలా భాగం పోయి వుంటాయి. ఒక్కొక్క కణానికి మర్రి ఊడల్లా లెక్కలేనన్ని కొమ్మలు. వాటన్నిటికీ శక్తి సరఫరా చెయ్యలేకనే ముందు ఇవి చస్తాయని కొందరి అభిప్రాయం. ఏమైతేనేం, ఆ సిబ్బె తేలికపడుతుంది, "ఆగు" అనే సిబ్బె కిందికి దిగుతుంది. మా నాయన కుర్చీలోంచి లేవాలని మనసులో అనుకుని, లేవలేక, అయిదు నిమిషాలు అలాగే కూర్చుండిపోవడం అదే.

కాఫీ ఇక్కడ వస్తుంది. 1819లో మహాకవి గేటే, రూంగే అనే కుర్ర రసాయనవేత్తకు కాఫీగింజలు ఇచ్చి వీటిలో ఏముందో చూడమన్నాడు. దొరికిన పదార్థం కెఫీన్. అది నిద్ర ఎందుకు చెడగొడుతుందో తెలియడానికి మరో నూటయాభై ఏళ్ళు పట్టింది. కెఫీన్ ఆకారంలో అడినొసిన్‌కు కొంత పోలిక. చెవిలో దూరి కూర్చుంటుంది గాని తానేమీ మాట్లాడదు. అసలు కబురును మాత్రం లోపలికి పోనివ్వదు. కాఫీ మనకు శక్తి ఇస్తుందనుకుంటాం గదా, నిజానికి అప్పు ఎంతయిందో చెప్పే మనిషిని గుమ్మంలోనే నిలబెడుతుంది. అప్పు అప్పుగానే వుంటుంది.

"అయితే ఆ మంచి చెవిని కూడా మూసేస్తుందా?" అని అడిగింది అమ్మ. మా క్లాసులో ఇంతమంది పిల్లలున్నారు, ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. మూస్తుంది. రెంటినీ మూస్తుంది. కాపాడేదీ, కదలనివ్వనిదీ రెండూ కెఫీన్‌కు ఒకటే. ఎలుకల్లో, పార్కిన్‌సన్ జబ్బులాంటిదాన్ని తెప్పించే విషం పెట్టి చూస్తే, కెఫీన్ తాగినవాటికి డోపమైన్ నష్టం తక్కువైంది. ఏ2ఏ చెవి అసలు లేకుండా పుట్టిన ఎలుకలకూ అంతే. ఇది 2001లో ప్రకటించారు. అంటే ఏళ్ళ తరబడి సాగే నాశనంలో ఆ రెండో చెవి మూసుకుంటేనే మేలేమో అని ఒక ఆశ. ఎలుకకూ మనిషికీ మధ్య చాలా దూరం వుంది సుమండీ.

ఇక తమ్ముడి వీడియోకు ఆధారం. హవాయి దీవుల్లో జపాను వంశస్థులైన 8,004 మంది మగవాళ్ళను దాదాపు ముప్ఫై ఏళ్ళు కనిపెట్టి చూసి 2000లో లెక్క ప్రకటించారు. వాళ్ళలో 102 మందికి ఈ జబ్బు వచ్చింది. కాఫీ బొత్తిగా ముట్టనివాళ్ళకు, రోజుకు ముప్పాతిక లీటరుకు మించి తాగేవాళ్ళకంటే అయిదింతలు ఎక్కువగా వచ్చింది. అయిదింతలనగానే అమ్మ ముఖం పాలిపోయింది. అందుకని దాన్నే ఇంకో రకంగా చెప్పాను. తాగనివాళ్ళు పదివేలమంది వుంటే ఏడాదిలో పదిమందికి వచ్చింది, తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైమందికి రాలేదు. బాగా తాగేవాళ్ళు పదివేలమందిలోనూ ఇద్దరికి వచ్చింది. ఈ ఇద్దరి పెళ్ళాలు ఎవరిని తిట్టుకోవాలి? (ఆడవాళ్ళ విషయంలో ఈ లెక్క ఇంత తేటగా రాలేదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ కాఫీని ఎవరు లెక్కపెట్టారు గనక!) పైగా వాళ్ళు తాగేది హవాయి కాఫీ. మనది సగం పాలు. పొడిలో చికోరీ కలుస్తుంది, చికోరీలో కెఫీన్ లేనేలేదు. మా నాయనకు రెండో గ్లాసు ఇచ్చి వున్నా ఆయన ఆ ముప్పాతిక లీటరు వాళ్ళ పంక్తిలోకి వచ్చేవారు కాదు.

అన్నిటికంటే నన్ను ఆపిన సంగతి ఇంకొకటి వుంది. ఈ జబ్బు చేతికి రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే ముక్కుకు వస్తుంది. వాసనలు తెలియడం తగ్గిపోతుంది. ఇది చదివిన రోజు నాకు పన్నెండేళ్ళ కిందటి గొడవ జ్ఞాపకం వచ్చింది. నాయన రిటైరైనాక, పిల్లలం చేతికందాక, అమ్మ తనే మెత్తబడి సాయంత్రం గ్లాసు మొదలుపెట్టింది. ఆయన రెండు గుక్కలు తాగి, "పొడి మార్చినారా? కమ్మదనం లేదే" అన్నారు. అమ్మ కొట్టు మార్చింది. ఫిల్టరు మార్చింది. పాలవాడితో తగువు పెట్టుకుంది. పొడి పట్టించి ఇచ్చే కొట్టతను పాపం, "అదే గింజ తల్లీ" అని మొత్తుకున్నాడు. చివరికి నాయనే, "నాకు వద్దులే, మజ్జిగే ఇయ్యి" అన్నారు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన గ్లాసు అందిన ఏడాదే దాని వాసన ఆయనకు అందకుండా పోయింది.

పరిశోధకులను తికమకపెట్టే చిక్కూ ఇదే. కాఫీ తాగనందువల్ల జబ్బు వచ్చిందా, జబ్బు లోపల మొదలైనందువల్ల కాఫీ మీద మోజు పోయిందా? ఏళ్ళ ముందే అడిగి రాసుకున్న లెక్కలకు ఈ చిక్కు కొంత తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. అమ్మకు ఇది చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పాలవాణ్ణి అన్నేసి మాటలు అంటినే" అంది.

మరి జబ్బు వచ్చినాక తాగితే? దీనికి కొంత గట్టి జవాబు దొరికింది. 2012లో 61 మంది రోగుల మీద ఆరు వారాలు చూస్తే కదలికలో కాస్త మెరుగు కనబడింది. అదే పరిశోధకులు, సరిగ్గా తేల్చుకుందామని, ఇంకా పెద్ద పరీక్ష పెట్టారు. 121 మందిలో కొందరికి రోజుకు రెండుసార్లు 200 మిల్లీగ్రాముల కెఫీన్ మాత్ర, కొందరికి ఉత్త మాత్ర. ఎవరికి ఏది అన్నది ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ తెలియదు. ఆరు నెలలకు చూస్తే తేడా లేదు. అనుకున్న గడువుకంటే ముందే ఆపేసి, 2017లో ఆ మాట దాచకుండా ప్రకటించారు. నాకు వాళ్ళ మీద గౌరవం కలిగింది. వాళ్ళు "కొంచెం వుందేమో" అని నీళ్ళు నమిలి వుంటే మా అమ్మలాంటి వాళ్ళు ఎన్ని ఫిల్టర్లు అరగదీసేవారో!

అలాగని అడినొసిన్ దారి మూసుకుపోలేదు. ఆ రెండో చెవిని ఒక్కదాన్నే మూసే మందు, ఇస్ట్రాడెఫిలిన్, 2013లో జపానులోనూ 2019లో అమెరికాలోనూ అనుమతి పొందింది. అసలు మందైన లీవోడోపా పని తగ్గిపోయే గంటలు కొన్నిటిని అది కుదిస్తుంది. అంతవరకే. చచ్చే కణాన్ని చావకుండా ఆపుతుందని రుజువైన మందు ఈ జబ్బుకు ఇంతవరకూ లేదు. డాక్టరుగారు ఈ మాట మొదటి రోజే చెప్పారు. ఆయన చెప్పిన తీరు మెత్తగానే వుంది గాని, బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఆత్మకూరు దాటేదాకా మేమెవ్వరం నోరు విప్పలేదు.

లీవోడోపా అంటే గుర్తొచ్చింది. మా పెద్దనాయన దూలగొండి గింజల పొడి తెచ్చి, పాలలో కలిపి ఇమ్మన్నారు. ఆయనది వట్టి నాటుమాట అని కొట్టిపారెయ్యడానికి లేదు. ఒళ్ళు తగిలితే దురద పుట్టించే ఆ తీగె గింజల్లో లీవోడోపా వుందని 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనేవారు వేరుచేసి చూపించారు. అయితే గింజ గింజకూ పాళ్ళు మారతాయి. మాత్రా వేసుకుని, పైన ఇదీ తాగితే కొలత తప్పి ఒళ్ళు మెలికలు తిరగవచ్చు. డాక్టరుగారికి తెలియకుండా వద్దని చెప్పాను. పెద్దనాయనకు కోపం వచ్చి రెండు నెలలు మా గడప తొక్కలేదు. ఇప్పుడు వస్తున్నారు.

కాఫీ విషయం డాక్టరుగారినే అడిగాం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి తాగితే ఆయనకు తప్పు లేదు, పొద్దు వాలాక మాత్రం వద్దు, నిద్ర చెడుతుంది అన్నారు. నాయన రెండో గ్లాసు తాగుతున్నారు, వాసన తెలియకపోయినా. "వేడి తెలుస్తుంది గదా" అంటారు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ళ దగ్గర అమ్మ పిడి లావుగా వున్న చెంచా ఒకటి ఏరి తెచ్చింది. సన్నని స్టీలు చెంచా కంటే అది ఆయన చేతిలో బాగా నిలుస్తోంది.

అమ్మకు ఇప్పుడు వేరే పని పడింది. నాయన నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. నేల మీద అడ్డగీతలుంటే వాటిని దాటుకుంటూ ఇలాంటివాళ్ళు నడవగలుగుతారు. లోపలి నుంచి రావలసిన "కదులు" అనే మాట రాకపోయినా, కంటికి కనబడే గీత ఆ పని ఇంకో దారిన చేయిస్తుంది. వ్యాయామం నేర్పే అమ్మాయి రంగు టేపు అంటించమంది. అమ్మకు టేపు నచ్చలేదు. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసిన చేత్తోనే వసారా పొడుగునా అడ్డగీతలు వేస్తుంది. గీతకూ గీతకూ ఎంత ఎడం వుండాలో నాయన కుర్చీలో కూర్చుని చెబుతుంటారు. పంతులుగారు గదా, వంకర వస్తే ఒప్పుకోరు. మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి నాలుగో గీత దగ్గర ఇద్దరికీ వాదన. "చెరిపి మళ్ళీ వెయ్యి" అంటున్నారాయన. "ముందు నువ్వు దాటు, తర్వాత చూస్తాం" అంటోంది అమ్మ.